గుండె నెట్టిన రక్తం వెనక్కి ఎందుకు రాదు? – మా తరగతిలో ఒక పిల్లవాడి ప్రశ్న

పర్లాకిమిడి సైన్సు టీచరు – శుక్రవారం, రాత్రి 8:35

సభ్యులందరికీ నమస్కారం. ఎనిమిదో తరగతికి రక్తప్రసరణ పాఠం చెబుతున్నాను. మా పిల్లల్లో సగం మంది ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివేవారే కాబట్టి ప్రతి పదాన్నీ రెండుసార్లు చెప్పవలసి వస్తుంది. గుండెలోని పై గదులను తెలుగులో కర్ణికలని, కింది గదులను జఠరికలని అంటే, ఒడియాలో వాటిని అళింద, నిళయ అంటారు. నిజం చెప్పాలంటే పాఠానికి ఒడియా పేర్లే ఎక్కువ కలిసివచ్చాయి. అళిందమంటే ఇంటి ముందరి పంచ, నిలయమంటే ఇల్లు. రక్తం ముందు పంచలోకి వచ్చి ఆ తరువాతే ఇంట్లోకి అడుగు పెడుతుందని చెప్పగానే పిల్లల ముఖాలు విచ్చుకున్నాయి. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో నిలబడి నల్లబల్ల మీద 'అగ్రద్వయ కవాటం' (రెండు రెక్కల తలుపు) అని రాయడానికి నాకే సిగ్గు వేస్తోంది, అది వేరే సంగతి.

అసలు విషయానికి వస్తాను. వెనక బెంచీలో కూర్చునే ఒక పిల్లవాడు లేచి ఇలా అడిగాడు: "తడిబట్టను పిడికిట్లో పెట్టి పిండితే నీళ్లు అన్ని వైపులా కారతాయి కదా టీచర్, గుండె కూడా పిడికిలిలాగే బిగుసుకుంటే రక్తం వచ్చిన దారినే వెనక్కి ఎందుకు పోదు? కాళ్ల దాకా దిగిపోయిన రక్తాన్ని మళ్లీ పైకి ఎవరు తెస్తారు?" నేను కవాటాలు అన్నాను, అంతలో గంట కొట్టారు. ఒక్క మాటతో తప్పించుకున్నానన్న బాధ నాకు మిగిలిపోయింది. సోమవారం తరగతిలో చేత్తో పట్టుకుని చూపించగలిగే జవాబు కావాలి. దయచేసి సాయం చేయండి.

రాయగడ మోటారు మెకానిక్ – శుక్రవారం, రాత్రి 9:10

టీచరమ్మ గారికి నమస్కారం. నేను చదువుకున్నది తక్కువే కానీ ఇరవై రెండేళ్లుగా బోరింగులు, మోటార్లు బాగుచేస్తున్నాను. గుండెను అందరూ మోటారుతో పోలుస్తారు, అది సరైన పోలిక కాదని నా అభిప్రాయం. మోటారు లోపల చక్రం ఆగకుండా తిరుగుతూ నీటిని విసురుతుంది. గుండెలో తిరిగేది ఏదీ లేదు. గుండెకు దగ్గరి చుట్టం వీధిలోని చేతి బోరింగు. అందులో రెండు వాల్వులు ఉంటాయి, ఒకటి పిస్టనులో, ఇంకొకటి గొట్టం అడుగున. మనం హ్యాండిల్ కిందికి నొక్కితే పిస్టన్ పైకి లేచి తన మీదున్న నీటిని ఎత్తుతుంది, అదే సమయంలో అడుగు వాల్వు తెరుచుకుని కొత్త నీరు లోపలికి వస్తుంది. హ్యాండిల్ వదలగానే అడుగు వాల్వు మూసుకుంటుంది, లోపలికి వచ్చిన నీరు మళ్లీ నూతిలోకి జారదు. ఆ అడుగు వాల్వులో ఒక చిన్న ఇసుక రేణువు ఇరుక్కుంటే చాలు, ఎంత బలవంతుడు కొట్టినా నీళ్లు పైకి రావు. కాబట్టి పిల్లవాడికి బోరింగును చూపించండి. బోరింగు నీళ్లు లాగినట్టే గుండె కాళ్లలోని రక్తాన్ని పైకి లాగుతుందని చెబితే రెండో ప్రశ్నకూ జవాబు వచ్చినట్టే.

బరంపురం వైద్య విద్యార్థి – శుక్రవారం, రాత్రి 10:02

మెకానిక్ గారి అడుగు వాల్వు పోలిక మా తరగతిలో కూడా ఎవరూ ఇంత చక్కగా చెప్పలేదు. అయితే చివరి వాక్యంతో నేను ఏకీభవించలేను. గుండె ప్రధానంగా నెట్టే యంత్రమే కానీ లాగే యంత్రం కాదు. జఠరిక సడలేటప్పుడు స్పాంజిలా విచ్చుకుని కొంత రక్తాన్ని తనలోకి పీల్చుకునే మాట నిజమే, కానీ పాదాల నుంచి రక్తాన్ని ఎత్తుకురాగలిగేంత బలం ఆ పీల్పుకు లేదు.

మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంతలో జవాబు ఇది. మనకున్నది ఒక గుండె అయినా అందులో పక్కపక్కనే అంటుకుని ఉన్న పంపులు రెండు. కుడి పంపు శరీరమంతా తిరిగి వచ్చిన రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది, ఎడమ పంపు ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువుతో వచ్చిన రక్తాన్ని తల నుంచి కాళ్ల దాకా పంపుతుంది. రెండింటి మధ్య గోడ ఉంది. ప్రతి పంపుకూ బోరింగులో ఉన్నట్టే రెండేసి తలుపులు ఉన్నాయి, టీచరు గారు చెప్పిన కవాటాలు ఇవే: పంచకూ ఇంటికీ మధ్య ఒకటి, ఇంటి నుంచి వీధిలోకి వెళ్లే చోట ఇంకొకటి. ఈ తలుపులకు సొంత కండరం లేదు, వాటిని తెరవమనీ మూయమనీ ఆజ్ఞాపించే నరమూ లేదు. ఏ వైపు ఒత్తిడి ఎక్కువైతే రక్తం అటు నుంచి వాటిని తోస్తుంది. ముందువైపు నుంచి తోస్తే తెరుచుకుంటాయి, వెనకవైపు నుంచి తోస్తే మూసుకుంటాయి. జఠరిక బిగుసుకున్న క్షణంలో రక్తం పంచవైపు కూడా పోబోతుంది, ఆ పోబోయే రక్తమే తలుపు రెక్కలను వెనక నుంచి నెట్టి మూసేస్తుంది. అంటే వెనక్కి రాబోయిన రక్తమే తన దారిని తానే మూసుకుంటోంది. పిల్లవాడు పట్టుకున్న తడిబట్టకు తలుపులు లేవు, తేడా అంతే.

నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండెలో ఒక్కో దెబ్బకు పట్టే సమయం సుమారు 0.8 సెకను. అందులో కర్ణికలు బిగుసుకునేది 0.1 సెకను, జఠరికలు బిగుసుకునేది 0.3 సెకను, మిగిలిన 0.4 సెకను గుండె మొత్తం సడలి ఉంటుంది. ఆ తీరికలోనే తలుపు తెరుచుకుని రక్తం చాలావరకు దానంతటదే జఠరికలోకి దిగుతుంది. కర్ణిక బిగుసుకుని నెట్టేది చివరి ఐదో వంతు మాత్రమే. ఒక్కో దెబ్బకు ఎడమ జఠరిక సుమారు 70 మిల్లీలీటర్లు బయటకు పంపుతుంది, నిమిషానికి లెక్క వేస్తే ఐదు లీటర్లు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే రక్తం కూడా దాదాపు అంతే.

గుణుపురం రిటైర్డు గార్డు – శనివారం, ఉదయం 6:20

విద్యార్థి బాబు చివర వేసిన లెక్కే ఈ శాస్త్రానికి తలుపు తీసింది. పదిహేడో శతాబ్దం దాకా యూరోపులో వైద్యులు గ్రీకు వైద్యుడు గాలెన్ మాటనే పట్టుకుని, తిన్న తిండి నుంచి కాలేయం రక్తాన్ని తయారుచేస్తుందనీ, అది శరీరంలోకి పారి అక్కడే ఇంకిపోతుందనీ నమ్మారు. ఇంగ్లండులో విలియం హార్వే గుండె ఒక్కో దెబ్బకు ఎంత రక్తం పంపుతుందో తక్కువలో తక్కువగా అంచనా వేసి, దాన్ని దెబ్బల సంఖ్యతో గుణించి చూశాడు. అరగంటకు వచ్చే మొత్తమే శరీరంలో ఉన్న రక్తాన్ని మించిపోయింది. అంత తిండి ఎవడు తింటాడు, అంత రక్తం ఎక్కడ ఇంకుతుంది? కాబట్టి అదే రక్తం చుట్టూ తిరిగి వస్తూ ఉండాలని 1628లో ప్రకటించాడు. ఊపిరితిత్తుల మీదుగా జరిగే చిన్న చుట్టును అంతకు దాదాపు నాలుగు వందల ఏళ్ల ముందే ఇబ్న్ అల్ నఫీస్ అనే అరబ్బు వైద్యుడు రాసిపెట్టాడు. గుండె నుంచి రక్తాన్ని తీసుకెళ్లే ధమని నుంచి, దాన్ని తిరిగి తెచ్చే సిరలోకి రక్తం ఎలా దాటుతుందో మాత్రం హార్వే కళ్లకు కనబడలేదు. ఆయన పోయిన నాలుగేళ్లకు, 1661లో, ఇటలీలో మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినిలో చూసి ఆ రెంటినీ కలిపే వెంట్రుకల్లాంటి సన్నని గొట్టాలను, అంటే రక్తకేశనాళికలను కనిపెట్టాడు.

టీచరమ్మ గారు చేత్తో చూపించే జవాబు అడిగారు కాబట్టి హార్వే చేసిన పరీక్షనే చెబుతాను, నిన్న రాత్రి నా ముంజేతి మీదే చేసి చూశాను. ముసలితనంలో ఇదొక సౌకర్యం, కండ కరిగి సిరలు తాళ్లలా తేలి ఉంటాయి. దండచేతికి తువ్వాలును మరీ గట్టిగా కాకుండా కడితే ముంజేతి సిరలు ఉబ్బి, వాటి మీద అక్కడక్కడ చెరుకు కణుపుల్లాంటి బుడిపెలు కనిపిస్తాయి. అవి సిరల్లోని కవాటాలు. ఒక వేలితో సిరను మణికట్టు వైపు నొక్కి ఉంచి, రెండో వేలితో అక్కడి నుంచి మోచేతి వైపు ఒక కణుపు దాటేదాకా రక్తాన్ని తోసేసి ఆ వేలు తీయాలి. మధ్య ముక్క చదునుగా, ఖాళీగా ఉండిపోతుంది. పైన అంత రక్తం ఉన్నా కణుపు దాటి కిందికి ఒక్క చుక్క రాదు. ఇప్పుడు కింది వేలు తీస్తే ఒక్కసారిగా కింది నుంచి నిండుతుంది. మా మనవడు దీన్ని పదకొండుసార్లు చేయించుకున్నాడు, తువ్వాలు విప్పేసరికి నా చేయి వంకాయ రంగుకు తిరిగింది. పిల్లల చేత చేయిస్తే వెంటనే విప్పించండి.

రాయగడ మోటారు మెకానిక్ – శనివారం, మధ్యాహ్నం 1:45

గుండె లాగదన్న మాట ఒప్పుకుంటున్నాను. అయితే పెద్దాయన చెప్పిన కణుపులు రక్తాన్ని కిందికి జారకుండా ఆపుతాయి సరే, పైకి ఎత్తేది ఎవరు? ఇది నా సొంత బాధ కూడా. రోజంతా బల్ల దగ్గర నిలబడి పనిచేసేసరికి సాయంత్రానికి కాళ్లు బరువెక్కి, పిక్కల మీద నరాలు వానపాముల్లా తేలుతున్నాయి. ఇంకొక సందేహం. బోరింగు కొడితే నీళ్లు ఆగి ఆగి దూకుతాయి. గుండె కూడా ఆగి ఆగి కొట్టుకుంటుంది కదా, మరి కాలి వేలు తెగినప్పుడు రక్తం ఆగి ఆగి దూకకుండా సన్నగా కారుతూనే ఉంటుందేమిటి?

బరంపురం వైద్య విద్యార్థి – శనివారం, సాయంత్రం 5:30

మెకానిక్ గారూ, మీరు నరాలంటున్నవి సిరలు. మన వాడుకలో సిరలనూ, అసలు నరాలనూ కూడా నరాలనే అంటాం కాబట్టి అది తప్పు అనను. కాళ్లలోని రక్తాన్ని పైకి ఎత్తేది ప్రధానంగా మీ పిక్కే. నడిచినప్పుడల్లా పిక్క కండరం బిగుసుకుని తన లోపలి సిరలను పిండుతుంది, కవాటాలు ఉండడం వల్ల రక్తానికి పైకి తప్ప దారి లేదు. ఊపిరి లోపలికి పీల్చినప్పుడు రొమ్ములో ఒత్తిడి తగ్గి పొట్టలో పెరుగుతుంది, అదీ కొంత సాయం చేస్తుంది. మీరు కదలకుండా నిలబడతారు కాబట్టి పిక్క పంపు పనిచేయడం లేదు, రక్తం కింద నిలిచి సిరల గోడలు సాగి, కవాటాల రెక్కలు ఒకదానికొకటి అందకుండా పోతున్నాయి. పని మధ్యలో నడవండి, మడమలు ఎత్తి దించండి, వీలైతే ఒకసారి వైద్యుడికి చూపించండి.

రెండో సందేహం చాలా మంచిది. గుండె నుంచి బయలుదేరే మహాధమని ఇనుప గొట్టం కాదు, సాగే గుణం ఉన్న గొట్టం. జఠరిక ఒక్కసారిగా 70 మిల్లీలీటర్లు తోసినప్పుడు అందులో కొంత వెంటనే ముందుకు పోతుంది, మిగతాది మహాధమనిని ఉబ్బిస్తుంది. జఠరిక సడలి తలుపు మూసుకున్నాక ఉబ్బిన గోడ మెల్లగా ముడుచుకుంటూ ఆ దాచిన రక్తాన్ని ముందుకు నెడుతూ ఉంటుంది. అందుకే గుండె విశ్రాంతి తీసుకునే వేళలో కూడా ఒత్తిడి సున్నాకు పడిపోకుండా 80 దగ్గర ఆగుతుంది. మీరు బీపీ చూపించుకున్నప్పుడు చెప్పే 120 జఠరిక తోసేటప్పటిది, 80 మహాధమని ముడుచుకునేటప్పటిది. దారి చీలుతున్న కొద్దీ ఆ ఎగుడుదిగుడు కూడా పోయి, కేశనాళికల్లో రక్తం సెకనుకు మిల్లీమీటరు కన్నా తక్కువ వేగంతో నింపాదిగా జరుగుతుంది. ధమని తెగితే మాత్రం మీ బోరింగు లాగానే దూకుతుంది.

రాయగడ మోటారు మెకానిక్ – శనివారం, సాయంత్రం 5:52

అర్థమైంది. మా భాషలో దాన్ని ప్రెషర్ ట్యాంకు అంటాం.

పర్లాకిమిడి సైన్సు టీచరు – ఆదివారం, మధ్యాహ్నం 3:15

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం మాంసం కొట్టుకు వెళ్లి, చీల్చకుండా, పైనున్న గొట్టాలు పొట్టిగా కోయకుండా ఒక మేక గుండెకాయ ఇవ్వమని అడిగాను. కొట్టు అబ్బాయి కూర కాదా అని రెండుసార్లు అడిగి నవ్వుకున్నాడు. ఆ పిల్లవాడినీ మరో ఇద్దరినీ ఇంటికి పిలిచి, వాళ్ల ఎదుటే చూశాను.

ముందుగా కుళాయి కింద పట్టి లోపలి గడ్డలు కడిగాం. పైన రెండు వైపులా ముడతలు పడిన చెవుల్లాంటి రెక్కలున్నాయి, కర్ణిక అనే పేరు ఎందుకు వచ్చిందో ఆ రెక్కను పట్టుకోగానే తెలిసింది. తరువాత మహాధమని గొట్టాన్ని పైకి నిలబెట్టి చెంచాతో నీళ్లు పోశాం. నీళ్లు గుండెలోకి దిగలేదు. లోపలికి తొంగిచూస్తే మూడు చిన్న జేబులు నీటితో ఉబ్బి, వాటి అంచులు మధ్యలో ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. అర్ధచంద్రాకార కవాటమని పన్నెండేళ్లుగా చెబుతున్నాను, నేను చూడడం మాత్రం ఇదే మొదటిసారి.

కాసేపటికి నీటిమట్టం మెల్లగా తగ్గసాగింది. "కవాటం కారుతోంది టీచర్" అన్నాడు పిల్లవాడు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ కింది గదిలో నీళ్లు లేవు. వెతికితే జేబులకు కాస్త పైన గోడలో రెండు చిన్న రంధ్రాలు కనిపించాయి. ఒకదానిలో అగ్గిపుల్ల దూరింది, దాని కొన గుండె పై కొవ్వు కింద కదలడం వేలికి తెలిసింది. గుండెకు తన రక్తం తాను పంపుకునే కరోనరీ ధమనులు అక్కడే మొదలవుతాయి. నీళ్లు అటు పోతున్నాయి.

చివరికి కత్తితో కోశాం. ఎడమ జఠరిక గోడ నా చిటికెన వేలి మందం ఉంది, కుడిది అందులో మూడో వంతు కూడా లేదు. ఊపిరితిత్తుల దాకా నెట్టడానికి ఎడమవైపు ఒత్తిడిలో ఐదో వంతు సరిపోతుందని చెప్పాను. లోపల తలుపు రెక్కల అంచుల నుంచి తెల్లటి దారాలు గోడలోని చిన్న కండల్లోకి దిగి ఉన్నాయి. నేను పట్టకారుతో ఒక దారాన్ని లాగితే రెక్క కదిలింది. "గాలిపటానికి కట్టినట్టు ఉన్నాయి" అన్నది ఒక పాప. గాలికి గొడుగు వెనక్కి విరుచుకుపోయినట్టు రెక్కలు పంచలోకి విరుచుకుపోకుండా ఆ దారాలు పట్టుకుంటాయని చెప్పాను.

కాశీనగర్ రైతు – ఆదివారం, రాత్రి 8:05

టీచరమ్మ గారు రాసిన తెల్ల దారాల గురించి రెండుసార్లు చదివాను. మా తమ్ముడి కూతురికి ఆ ఎడమవైపు తలుపే చెడిపోయింది. తొమ్మిదో ఏట ఒకసారి గొంతునొప్పి, జ్వరం వచ్చి, తరువాత మోకాలు వాచి, అది తగ్గగానే మోచేయి వాచింది. వాతమని పసరు పూశాం. పదమూడో ఏటికి వంశధార గట్టు ఎక్కలేక ఆయాసపడడం మొదలైంది. మొదట చూపించిన చోట ఉబ్బసమని ఏడాది పాటు మందులిచ్చారు. చివరకు విశాఖపట్నం తీసుకువెళితే ఎకో పరీక్ష చేసి, తలుపు రెక్కలు అంటుకుపోయి దారి సన్నబడిందని చెప్పి, బెలూనుతో తెరిచారు. రొమ్ము కోయలేదు. కుడి తొడ దగ్గర సిరలోంచి తీగ పంపామన్నారు. ఇప్పుడు పిల్ల బాగుంది, 21 రోజులకు ఒకసారి సూది వేయిస్తున్నాం.

నా సందేహం ఒక్కటే. సిరలోంచి వెళ్లిన తీగ కుడి పంచలోకి చేరుతుంది, చెడిన తలుపు ఎడమవైపు ఉంది, మధ్యలో గోడ ఉందని విద్యార్థి బాబు రాశాడు. మరి గోడను ఎలా దాటారు? ఆ రోజు అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

బరంపురం రిటైర్డు నర్సు – ఆదివారం, రాత్రి 9:20

అన్నయ్య గారూ, పాపకు వచ్చినది రుమాటిక్ జ్వరం. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ క్రిమిని చంపడానికి మన ఒళ్లు తయారుచేసే ఆయుధాలు, పోలిక వల్ల పొరబడి కీళ్ల మీద, గుండె కవాటాల మీద కూడా పడతాయి. కీళ్ల వాపు జాడ లేకుండా పోతుంది, కవాటానికి తగిలిన దెబ్బ మిగిలిపోతుంది. ఆ క్రిమి వల్ల గొంతునొప్పి మళ్లీ వస్తే ఆ దెబ్బ పెరిగే ప్రమాదం ఉంది కాబట్టే ఆ పెనిసిలిన్ సూది. పాప బాగానే ఉంది కదా అని, సూది నొప్పి అని, పొలం పనుల్లో పడి దాన్ని మానేసిన కుటుంబాలను నా ఉద్యోగంలో చాలామందిని చూశాను. ఎన్నేళ్లు వేయించాలో వైద్యులే చెప్పాలి, కవాటం చెడిన వారికి సాధారణంగా నలభై ఏళ్ల వయసు దాకా కూడా చెబుతారు. దయచేసి ఒక్కటి కూడా తప్పనీయకండి.

మామూలుగా నాలుగు నుంచి ఆరు చదరపు సెంటీమీటర్లు ఉండే ఆ దారి ఒకటిన్నర కన్నా తగ్గితే ఎడమ పంచలో రక్తం నిలిచి, ఒత్తిడి వెనకనున్న ఊపిరితిత్తుల్లోకి పాకుతుంది. ఆయాసం అందుకే వస్తుంది, ఉబ్బసమని పొరబడేదీ అందుకే. అంటుకున్న రెక్కలను బెలూనుతో విడదీసే పద్ధతిని జపానులో కంజి ఇనోవే అనే శస్త్రవైద్యుడు 1980లలో కనిపెట్టారు.

గోడ సంగతికి ముందు టీచరమ్మను ఒకటి అడుగుతాను. అమ్మా, ఆ గుండెకాయ ఇంకా మీ దగ్గర ఉందా? కుడి కర్ణికను తెరిచి, రెండు కర్ణికల మధ్య గోడను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి.

పర్లాకిమిడి సైన్సు టీచరు – ఆదివారం, రాత్రి 10:10

ఫ్రిజ్జులో ఉంది, మా అత్తగారికి ఇష్టం లేకపోయినా. ఇప్పుడే తీసి చూశాను. గోడలో ఒకచోట వేలి కొనతో నొక్కినట్టు చిన్న గుంట ఉంది. ఆ గుంటలో గోడ చాలా పలచన, వెనక టార్చిలైటు పెడితే ఎర్రగా వెలుతురు కనిపించింది.

బరంపురం రిటైర్డు నర్సు – ఆదివారం, రాత్రి 10:25

అదే చోటు. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరి పీల్చదు, ప్రాణవాయువు మాయ నుంచి వస్తుంది కాబట్టి రక్తమంతా ఊపిరితిత్తులకు వెళ్లవలసిన పని లేదు. అందుకని అక్కడ కుడి పంచ నుంచి ఎడమ పంచలోకి నేరుగా ఒక కిటికీ ఉంటుంది, దానికి ఎడమవైపున ఒక పలచని రెక్క ఉంటుంది. పుట్టగానే బిడ్డ ఏడ్చి ఊపిరి తీసుకున్నప్పుడు ఊపిరితిత్తులు తెరుచుకుని, వాటి నుంచి వచ్చే రక్తంతో ఎడమ పంచలో ఒత్తిడి పెరిగి, ఆ రెక్కను కిటికీకి అదిమేస్తుంది. తరువాత నెమ్మదిగా అంటుకుపోతుంది. నలుగురిలో ఒకరికి పూర్తిగా అంటుకోదు, వాళ్లలో చాలామందికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు, ఇబ్బందీ ఉండదు.

అన్నయ్య గారూ, మీ పాపకు వైద్యులు ఆ పలచని గుంట దగ్గరే సన్నని సూదితో గుచ్చి, తీగను కుడి పంచ నుంచి ఎడమ పంచలోకి దాటించి, అక్కడి నుంచి చెడిన తలుపులోకి బెలూను దింపి ఉబ్బించారు. గుచ్చిన రంధ్రం చిన్నది, మామూలుగా కొన్ని నెలల్లో పూడిపోతుంది.

కాశీనగర్ రైతు – ఆదివారం, రాత్రి 10:48

అక్కా, మీరు రాసింది మా పిల్లకు ఇప్పుడే చదివి వినిపించాను. తాను పుట్టినప్పుడు మూసుకున్న కిటికీనే మళ్లీ తెరిచారా అని అడిగి, మేక గుండెలో ఆ గుంట చూడాలని పట్టుబడుతోంది. టీచరమ్మ గారూ, రేపు మీ తరగతి ఎన్ని గంటలకు? గురువారం సూది కోసం ఎలాగూ పర్లాకిమిడి రావలసి ఉంది, మీరు అనుమతిస్తే పిల్లను రేపే తీసుకువస్తాను.

పర్లాకిమిడి సైన్సు టీచరు – ఆదివారం, రాత్రి 10:55

పదకొండున్నరకు. తప్పకుండా తీసుకురండి, ప్రధానోపాధ్యాయులతో నేను మాట్లాడతాను. వచ్చేటప్పుడు మంచి వెలుగున్న టార్చిలైటు ఒకటి తెండి, మాది రెండు రోజులుగా మినుకుమినుకుమంటోంది.